గుంపుగానే స్తుతించాలని పాత నిబంధన ఎందుకంత పట్టుబడుతుంది?

గోదారి_గట్టు
ఈమధ్య కీర్తనల గ్రంథం మొదటి నుంచి చదువుతున్నాను. ఒక సంగతి మింగుడు పడట్లేదు. రెండు పేజీలు తిప్పితే చాలు, రండి, పాడండి, చప్పట్లు కొట్టండి. అదీ ఒక్కడివే కూర్చుని కాదు, మందిని పోగేసి. దేవుడికి ఇన్ని పొగడ్తలు దేనికి? మా ఊరి నాయకుడి సన్మాన సభ గుర్తొస్తుంది నాకు, ఒకరి తర్వాత ఒకరు లేచి శాలువా కప్పడం.

నేను ఉద్యోగం చేసే ఊళ్లో తెలుగు చర్చి సంఘం లేదు. ఆదివారం ఫోన్‌లో ఆరాధన చూసి గదిలోనే ప్రార్థన చేసుకుంటాను. దానియేలు కూడా కిటికీ తీసుకుని ఒక్కడే రోజుకు మూడుసార్లు మోకరించాడు కదా. అమ్మకి మాత్రం "సహవాసం లేకపోతే ఎలా రా" అని ఒకటే టెన్షన్. కొత్త నిబంధన వచనాలు వద్దు, అవి అమ్మ రోజూ పంపుతుంది. హెబ్రీ లేఖనాల్లో, అంటే పాత నిబంధనలో, గుంపుగా ఆరాధించడానికి అసలు అర్థమేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

టెనర్_టోనీ
సన్మాన సభలో కనీసం ఉప్మా పెడతారు అన్నా.

నాస్తిక_నాని
మంచి ప్రశ్న. జవాబు కూడా నువ్వే చెప్పేశావు. రాజులకి పొగడ్త అలవాటు, ప్రజలు దేవుణ్ణి కూడా రాజులాగే ఊహించుకున్నారు. అంతకుమించి ఏం లేదు.

పాతనిబంధన_పిచ్చి
టోనీ నవ్వులాటకి అన్నాడు గానీ అసలు సంగతి ఆ ఉప్మా దగ్గరే ఉంది.

లేవీయకాండము 7వ అధ్యాయం తీయండి. ఒకడికి రోగం తగ్గింది, లేదా దారిలో గండం గడిచింది అనుకోండి. గొర్రెనో మేకనో ఎద్దునో తెచ్చి కృతజ్ఞతార్పణ చెల్లిస్తాడు. కొవ్వు బలిపీఠం మీదికి పోతుంది. బోర, కుడి జబ్బ యాజకులకి, అంటే గుడి పూజారులకి. మిగతా మాంసం తెచ్చినవాడిదే. మొక్కుబడి బలి అయితే మర్నాడు కూడా తినొచ్చు. కృతజ్ఞతార్పణకి ఆ వెసులుబాటు లేదు. ఆ రోజే తినాలి, తెల్లారేసరికి ముక్క మిగలకూడదు. దాంతోపాటు రొట్టెలు. ఎన్ని రొట్టెలో క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు నియమాల సంకలనం మిష్నా చెప్తుంది: నాలుగు రకాలు, రకానికి పది, మొత్తం 40. రకానికొకటి యాజకుడికిస్తే ఇంటాయనకి 36 మిగులుతాయి. గడువు కూడా మిష్నా బిగించింది, అర్ధరాత్రి వరకే.

ఒక జంతువు, 36 రొట్టెలు, ఒక్క పూట. ఏ కుటుంబం తినగలదు? చచ్చినట్టు నలుగురినీ పిలవాల్సిందే. ఆ నియమం పెట్టిందే అందుకని యూదు వ్యాఖ్యాతలు కొందరు రాశారు కూడా. వచ్చినవాళ్లు తిని చేతులు కడుక్కుని పోరు కదా, "ఏంటి విశేషం" అని అడుగుతారు. వాడు చెప్తాడు: గోతిలో పడ్డాను, కేకలు పెట్టాను, ఆయన విన్నాడు. కీర్తనల్లో స్తుతి అంటే చాలాచోట్ల ఆ చెప్పుకోవడమే.

22వ కీర్తన మొదటి సగం అందరికీ నోటికొచ్చు, రెండో సగం ఎవరూ పట్టించుకోరు. 22వ వచనంలో "సమాజమధ్యమున నిన్ను స్తుతించెదను" అంటాడు. నాలుగు వచనాలు దాటగానే "దీనులు భోజనముచేసి తృప్తిపొందెదరు". అది అలంకారం కాదు. నిజంగా వడ్డించిన భోజనం.

గోదారి గారూ, గదిలో ఒక్కరే కూర్చుని ఆ 36 రొట్టెలు ఏం చేస్తారో ఆలోచించండి.

టెనర్_టోనీ
ఫ్రిజ్‌లో పెట్టకూడదా?

పాతనిబంధన_పిచ్చి
మర్నాటికి మిగిలితే కాల్చెయ్యాలి తమ్ముడూ. నీకు పిలుపు వస్తే మాత్రం మిగిలే అవకాశమే లేదు.

గోదారి_గట్టు
ఈ కోణం ఎప్పుడూ వినలేదు. మా సంఘంలో కృతజ్ఞత కూడిక పెడితే బిర్యానీ ఉంటుంది గానీ అది మర్యాద కోసం అనుకునేవాణ్ణి.

కానీ ఇది మేలు పొందినవాడి సంగతి. "సమస్త దేశములారా" అంటూ ఏమీ జరగకపోయినా పొగడమనే 100వ కీర్తన లాంటివాటి మాటేంటి?

సెమినరీ_సీను
మీరు అడిగిన తేడా మీదే పండితులు బోలెడంత రాశారు. జర్మనీకి చెందిన హెర్మన్ గుంకెల్ (1862-1932) కీర్తనల్ని రచయితల వారీగా కాకుండా రకాల వారీగా విడదీశాడు: స్తుతి, కృతజ్ఞత, ఒక్కడి విలాపం, ప్రజల విలాపం, ఇలా. ప్రతి రకానికీ జనజీవితంలో ఒక సందర్భం ఉండేదన్నాడు. ఆయన శిష్యుడు, నార్వే దేశస్థుడు సిగ్మండ్ మోవింకెల్ ఇంకో అడుగు వేసి, ఇవి ఒంటరి భక్తుల డైరీలు కావు, దేవాలయ పండుగల్లో పాడటానికే పుట్టాయన్నాడు. తర్వాత క్లౌస్ వెస్టర్మన్ వచ్చాడు. యుద్ధఖైదీల శిబిరంలో ఉన్న కాలంలో కీర్తనల మీద పని చేసిన మనిషి. స్తుతిలో రెండు రకాలు చూపించాడు. "నాకు ఇది చేశాడు" అని జరిగింది చెప్పేది ఒకటి, "ఆయన ఇలాంటివాడు" అని స్వభావం చెప్పేది రెండోది. పిచ్చి గారు చెప్పింది మొదటిది, మీరడిగిన 100 రెండోది.

రెండో రకంలో కూడా కారణం చెప్పకుండా పొగడటం అరుదు. 117వ కీర్తన రెండే వచనాలు, గ్రంథం మొత్తంలో చిన్నది. మొదటి వచనం జనులందరినీ పిలుస్తుంది, రెండోది ఎందుకో చెప్తుంది: మన మీద ఆయన కృప గొప్పది, ఆయన విశ్వాస్యత నిలిచేది. పిలుపు, కారణం. అంతే కీర్తన.

లెక్కల_మాస్టారు
మోవింకెల్ ఊహించిన పట్టాభిషేక పండుగ, ఏటా యెహోవాని సింహాసనం ఎక్కించే ఉత్సవం, ఏ కాండంలోనూ కనబడదు. ధర్మశాస్త్రంలో పండుగల జాబితాలు ఉన్నాయి, వాటిలో అది లేదు. బబులోను ఆచారం చూసి ఇక్కడ అతికించాడని విమర్శ. సీను గారు ఆ సంగతి కూడా చెప్తే బాగుండేది.

సెమినరీ_సీను
నిజమే మాస్టారూ, ఆ పండుగ సిద్ధాంతాన్ని అలాగే ఒప్పుకునేవాళ్లు ఇప్పుడు తక్కువ. కీర్తనలు గుడిలో పాడినవి అన్నది మాత్రం నిలబడింది.

రూతమ్మ_మనవరాలు
ఇంత పాండిత్యం నాకు లేదు గానీ ఒకటి చెప్తాను. మాది పల్నాడు వైపు. మా సంఘంలో కోత పండుగ రోజు గుడి ముందు టార్పాలిన్ పరిచి పంటలు పోసేవాళ్లు. మా నాయనమ్మ కొత్త బియ్యం చేటలో పోసి, పైన రెండు బంతిపూలు పెట్టి, పమిట చెంగు కప్పి తెచ్చేది. ఒకళ్లు గుమ్మడికాయ, ఇంకొకళ్లు కాళ్లు కట్టిన నాటుకోడి. ఆరాధన అయ్యాక వేలం. గుమ్మడికాయ బజారు ధరకి పదింతలు పలికేది. కొన్నవాడు దాన్ని మళ్లీ గుడికే ఇచ్చేసేవాడు, మళ్లీ వేలం. కోడి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు, అది వేరే సంగతి.

నాయనమ్మకి చదువు రాదు. ఆ రోజు మాత్రం చేట పట్టుకుని అందరి ముందూ నిలబడి, ఆ ఏడు నీళ్లు వచ్చాయా లేదా, ఎన్ని బస్తాలయ్యాయి, తాత బతికున్నప్పుడు కౌలు ఎలా చేశారు, అంతా చెప్పేది. పాస్టర్ గారు గడియారం చూసుకుంటూ ఉండేవారు.

పాతనిబంధన_పిచ్చి
అక్కా, మీ నాయనమ్మ చేసింది అచ్చంగా ద్వితీయోపదేశకాండము 26. ప్రథమ ఫలాలు గంపలో పెట్టుకుని రైతు వస్తాడు. యాజకుడు గంప అందుకుని బలిపీఠం ముందు పెడతాడు. అప్పుడు రైతు చెప్పాల్సింది పంట గురించి కాదు, "నా తండ్రి నశించుచున్న అరామీదేశస్థుడు" అని తాతముత్తాతల నుంచి మొదలుపెట్టాలి. ఐగుప్తుకి పోయాం, వెట్టిచాకిరీ చేశాం, మొర పెట్టాం, బయటపడ్డాం. చూడండి, "నా తండ్రి" అని మొదలైనవాడు రెండు వాక్యాలు తిరక్కుండా "మేము" దగ్గరికి వచ్చేస్తాడు. ఐగుప్తు వదిలి ఎన్ని తరాలైనా వాడు చెప్పేది "మమ్మును". ఆ వెంటనే ఆజ్ఞ: నువ్వూ, గుడి సేవ చేసే లేవీయుడూ, నీ మధ్య ఉన్న పరదేశీ సంతోషించాలి.

మిష్నాలో ఈ ఊరేగింపు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ముందు ఎద్దు, దాని కొమ్ములకి బంగారు తొడుగు, తలకి ఒలీవ కొమ్మల కిరీటం. పిల్లనగ్రోవి వాయిస్తూ యెరూషలేము చేరతారు. ఊళ్లోని పనివాళ్లు, మామూలుగా పని వదిలి లేవనివాళ్లు, లేచి నిలబడి "ఫలానా ఊరి సహోదరులారా, క్షేమంగా వచ్చారా" అని పలకరిస్తారు. ఆవరణలో అడుగుపెట్టగానే లేవీయులు 30వ కీర్తన అందుకుంటారు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మొదట్లో చదువు వచ్చినవాళ్లు ఆ మాటలు సొంతంగా చదివేవారట. రానివాళ్లకి ఒకరు అందిస్తే వెనకాల పలికేవారు. దాంతో చదువురానివాళ్లు సిగ్గుపడి గంపలు తేవడం మానేశారు. అప్పుడు పెద్దలు ఏం చేశారంటే, చదువు ఉన్నా లేకపోయినా అందరికీ అందించి పలికించడమే పద్ధతి అన్నారు. పండితుడు కూడా వెనకాలే పలకాలి.

రూతమ్మ_మనవరాలు
ఇది నాయనమ్మకి చెప్పి ఉంటే ఆ ఏడాది వేలం సాయంత్రం దాకా మొదలయ్యేది కాదు.

నాస్తిక_నాని
బంగారు కొమ్ముల ఎద్దు బాగుంది. అదే యూదు సంప్రదాయంలో ధనికుల వెండి బంగారు గంపలు వాళ్లకి తిరిగి ఇచ్చేసేవారనీ, పేదవాడి అల్లిక గంప పండ్లతో సహా యాజకుడు ఉంచుకునేవాడనీ కూడా ఉంది కదా? అదెందుకు చెప్పలేదు పిచ్చి గారూ?

పాతనిబంధన_పిచ్చి
ఉంది. దాని మీద యూదులే తల్మూదులో, అంటే మిష్నా మీది చర్చల గ్రంథంలో, వాపోయారు, పేదరికం వెంట పేదరికమే వస్తుందని. దాచాల్సిన పని లేదు.

నాస్తిక_నాని
దాచరు గానీ ముందు చెప్పరు. సరే, మీ పుస్తకంలోంచే చెప్తాను. ప్రవక్త ఆమోసు గ్రంథం, 5వ అధ్యాయం: మీ పండుగలంటే నాకు అసహ్యం, మీ పాటల ధ్వని తీసేయండి, వాయిద్యాలు వినను. "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి." క్రీ.పూ. 8వ శతాబ్దం, ఇశ్రాయేలు రాజు రెండవ యరొబాము కాలం, దేశం డబ్బుతో కళకళలాడుతోంది. 8వ అధ్యాయంలో వర్తకులు అమావాస్య పండుగ ఎప్పుడు అయిపోతుందా, విశ్రాంతి దినం ఎప్పుడు గడుస్తుందా, కొలపాత్ర చిన్నది చేసి తులం పెద్దది చేసి ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని గుడిలోనే లెక్కలేస్తుంటారు. మీ సమాజ స్తుతి అసలు రూపం అది. నోటిలో పాట, బుర్రలో తూకం.

చేబ్రోలు_చిన్నోడు
నాని బ్రో ఆమోసు నోట్స్ రాసుకున్నట్టున్నాడు. పాస్టర్ అయిపోతాడేమో జాగ్రత్త.

సెమినరీ_సీను
నాని చెప్పిన దాంట్లో కాదనడానికి ఏం లేదు, కానీ ఒకటి గమనించాలి. ఆమోసు తెకోవ నుంచి ఉత్తరాదికి పోయి మాట్లాడాడు. అక్కడ బేతేలు యాజకుడు అమజ్యా ఏమన్నాడు? ఇది రాజు పరిశుద్ధస్థలం, ఇక్కడ నీ ప్రవచనాలు వద్దు, వెళ్లిపో అన్నాడు. గుడి రాజుగారి సొంతం అయిపోయాక పాట చెడింది. గుంపుగా పాడటమే తప్పని ఆమోసు అనలేదు.

ఇదే మాట 50వ కీర్తనలో దేవుడే అంటాడు: "నేను ఆకలిగొనినను నీతో చెప్పను", లోకమంతా నాదే. అంటే సన్మానం నాకు అక్కర్లేదు అంటున్నాడు. అదే కీర్తన చివర్లో దొంగతో స్నేహం చేసి నా నిబంధన వల్లించడానికి నీకేం పని అని నిలదీస్తాడు. ఇది గుడిలో పాడిన పాట, ఆలయ గాయకుడు ఆసాపు పేరు మీద ఉంది. తమ ఆరాధనని తిట్టే పాటని తామే పాడుకున్నారు వాళ్లు.

గోదారి_గట్టు
50 నిన్ననే చదివాను, ఇలా తట్టలేదు. అయితే నా సన్మాన సభ ఉపమానం అతకదంటారా?

పాతనిబంధన_పిచ్చి
సగమే అతుకుతుంది. 146 చూడండి. స్తుతి మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే "రాజులను నమ్ముకొనకుడి", వాళ్ల ఊపిరి పోతే ఆ రోజే ఆలోచనలన్నీ పోతాయి అంటాడు. ఆ తర్వాత దేవుణ్ణి దేనికి పొగుడుతున్నాడో చూడండి: బాధపడేవాళ్లకి న్యాయం, ఆకలిగొన్నవాళ్లకి తిండి, ఖైదీలకి విడుదల, పరదేశులకి, తండ్రిలేనివాళ్లకి, విధవరాళ్లకి అండ. పొగిడేవాడి నోట ఈ జాబితా వినిపించాక అక్కడున్న ఏ రాజుకీ శాలువా మిగలదు.

నాస్తిక_నాని
మరి 45? రాజుగారి పెళ్లి పాట, "నరులకంటె నీవు అతిసుందరుడవు" అంటుంది. 72 కూడా రాజుగారికే. శాలువాలు బానే మిగిలాయి.

లెక్కల_మాస్టారు
ఈసారి నాని పక్షం నేను. 45ని ఎలా తిప్పినా ఆస్థాన కవిత్వమే. 72లో మాత్రం బీదవాడికి న్యాయం చేయాలని షరతు ఉంది.

కొత్తగా_వచ్చా
మొదటి సమూయేలులో బిడ్డ కోసం ఏడ్చిన హన్నా సంగతి ఎవరూ ఎత్తలేదేం? షిలోహులో ఒక్కతే, పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. దేవుడు విన్నది ఆ మౌన ప్రార్థననే కదా, పక్కన జరుగుతున్న బలిని కాదు.

రూతమ్మ_మనవరాలు
నాకు హన్నా అంటే ప్రాణం. కానీ ఆ ముందు వచనాలు చూడమ్మా. ఏటా కుటుంబమంతా బలికి వెళ్లేవాళ్లు, అక్కడ మాంసం వడ్డించేటప్పుడే సవతి దెప్పిపొడిచేది, హన్నా ఏడ్చి తిండి మానేసేది. అందరూ కలిసే చోటే ఆవిడకి నరకం. అందుకే పక్కకి వెళ్లి ఏడ్చింది. సంఘానికి వెళ్లండి వెళ్లండి అనేవాళ్లు ఇది కూడా చూడాలి. పిల్లలెప్పుడు అని అడిగేవాళ్లు పక్కనుంటే బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో.

పాతనిబంధన_పిచ్చి
అక్క చెప్పింది నిజం. అదే హన్నా బిడ్డ పాలు విడిచాక కోడె, పిండి, ద్రాక్షారసం పట్టుకుని అదే షిలోహుకి వచ్చింది. ఏడుపు గొంతులోనే ఉండిపోయింది గానీ పాట పైకే వచ్చింది, 2వ అధ్యాయం మొదట్లోనే.

డల్లాస్_దీన
మా ఆఫీసులో ఒకావిడ యూదురాలు. ఐగుప్తు నుంచి బయటపడ్డది తలచుకునే పస్కా పండుగ రాత్రి భోజనానికి నన్నూ మా వారినీ పిలిచింది. 113 నుంచి 118 వరకు కీర్తనల్ని హల్లేల్ అంటారు. వాటిని భోజనాన్ని మధ్యలో పెట్టి రెండు ముక్కలుగా పాడతారు: 113, 114 తినకముందు, 115 నుంచి మిగతావి తిన్న తర్వాత. మాకు కడుపు నిండి కళ్లు మూతలు పడుతుంటే వాళ్లు అప్పుడే ఊపందుకున్నారు, బల్ల మీద దరువు కూడా.

నాకు గుర్తుండిపోయింది వేరే. పది తెగుళ్ల పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకి ఒక్కో చుక్క ద్రాక్షారసం వేలితో తీసి పళ్లెంలో వేశారు. ఐగుప్తు వాళ్లు కూడా బాధపడ్డారు కాబట్టి మన గిన్నె నిండుగా ఉండకూడదు అని వాళ్ల అబ్బాయి చెప్పాడు. తల్మూదులో ఒక కథ ఉందట. ఎర్ర సముద్రం దగ్గర దేవదూతలు పాడబోతే, నా చేతి పనులు సముద్రంలో మునిగిపోతుంటే మీకు పాటలా అని దేవుడు ఆపాడట.

నాస్తిక_నాని
దీన గారూ, ఇది బాగుంది. ఈ ఒక్కటి ఉంచుకుంటాను.

టెనర్_టోనీ
మోషే అక్క మిర్యాము మాత్రం తంబుర పట్టుకుని గుఱ్ఱమునూ రౌతునూ ముంచాడని డాన్స్ కూడా చేసింది కదా. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదే.

డల్లాస్_దీన
మునగాల్సింది తను కాబట్టి ఆపలేదేమో టోనీ. వెంటపడినవాడు పోయాడని తెలిస్తే నువ్వూ గంతులేస్తావు.

కొత్తగా_వచ్చా
పది మంది ఉంటేనే యూదుల ప్రార్థన అంటారు, నిజమేనా?

చేబ్రోలు_చిన్నోడు
ఒక్కరైనా ప్రార్థన చేసుకోవచ్చు. కద్దీషు అనే స్తుతి ప్రార్థన లాంటి కొన్ని మాత్రం పది మంది కూడితేనే. ఆ పది ఎక్కడినుంచి వచ్చిందంటే సంఖ్యాకాండము 14 నుంచి. కనాను చూసొచ్చిన పన్నెండు మంది వేగులవాళ్లలో యెహోషువ, కాలేబు పోను మిగిలిన పదిమంది, "చెడ్డ సమాజము" అని దేవుడితో తిట్టించుకున్నవాళ్లు. పదిమంది పనికిమాలినవాళ్లు చేరినా సమాజమే అన్నమాట. సనాతన శాఖలో మగవాళ్లనే లెక్కపెడతారు, సంస్కరణ శాఖల్లో ఆడవాళ్లని కూడా.

మా పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదు సమాజం ఉంది, వాళ్లకి సొంత ప్రార్థనా మందిరం కూడా. చిన్నప్పుడు సైకిల్ మీద వెళ్లేటప్పుడు బోర్డు మీది హెబ్రీ అక్షరాలు చూసి ఏ భాషో అనుకునేవాణ్ణి.

లెక్కల_మాస్టారు
ఒక సందేహం. ఇంతసేపూ జనమే పాడారన్నట్టు మాట్లాడుతున్నారు. మొదటి దినవృత్తాంతములు 25లో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల నుంచి 288 మంది శిక్షణ పొందిన గాయకులు, 24 వంతులు, వంతుకి 12 మంది. అంటే పాడేది వృత్తి గాయకులు, జనం వినేవాళ్లు. ఇప్పుడు స్టేజి మీద టీమ్ పాడుతుంటే మనం ఫోన్లో వీడియో తీసుకోవడం లేదూ?

సెమినరీ_సీను
దినవృత్తాంతములు జనం బబులోనుకి బందీలుగా పోయిన చెర కాలం తర్వాత రాసింది, లేవీయ గాయకుల మీద ఆ రచయితకి మక్కువ ఎక్కువ. దేవుడి మందసం, అంటే ఆ పవిత్ర పెట్టె, యెరూషలేముకి వచ్చిన ఘట్టం సమూయేలు గ్రంథంలో చదివితే గాయక బృందాలు ఉండవు. దావీదు గంతులేస్తాడు, భార్య మీకాలు కిటికీలోంచి చూసి ఏవగించుకుంటుంది, చివరికి ఆడా మగా అందరికీ తలా ఒక రొట్టె, ఎండు ద్రాక్షల అడ పంచుతాడు. మళ్లీ తిండే.

అయినా జనం వంతు ఎప్పుడూ ఉంది. 136లో 26 వచనాలు, ప్రతిదాని రెండో సగం "ఆయన కృప నిరంతరముండును". చేతిలో పుస్తకం లేని జనానికి ఆ ఒక్క ముక్క వస్తే చాలు, మొత్తం పాటలో ఉన్నట్టే. మృత సముద్రం దగ్గర 11వ గుహలో 1956లో దొరికిన కీర్తనల చుట్టలో 145వ కీర్తన ఉంది. మన బైబిల్లో దానికి పల్లవి లేదు. ఆ చుట్టలో మాత్రం ప్రతి వచనం తర్వాత "యెహోవా స్తుతింపబడును గాక, ఆయన నామము నిత్యము స్తుతింపబడును గాక" అనే అర్థంలో ఒక పల్లవి రాసి ఉంది. జనం అందుకోవడానికే తప్ప అలా రాసుకునే అవసరమేంటి?

లెక్కల_మాస్టారు
ఇది బలమైన సాక్ష్యం, ఒప్పుకుంటున్నాను. వీడియో తీసేవాళ్ల మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

గోదారి_గట్టు
ఇప్పటిదాకా పాటలు, విందులు. నాకు నిజంగా అడగాలని ఉన్నది ఇది. మొన్న ఏడాది నాన్న పోయారు. తర్వాత వారం గుడికి వెళ్తే అందరూ ఉత్సాహంగా చప్పట్లు కొడుతున్నారు, నాకు నోరు పెగల్లేదు. అప్పటినుంచి గదే హాయిగా ఉంది. ఆ గుంపులో నాలాంటివాడికి చోటుందా అసలు?

సెమినరీ_సీను
కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే అండీ. 44 చూడండి, దేశం మొత్తం నిలబడి "ప్రభువా, మేల్కొనుము, నీవేల నిద్రించుచున్నావు?" అని అడుగుతుంది. మేం నిబంధన మీరలేదు, అయినా మమ్మల్ని గొర్రెల్లా కోతకి అప్పగించావు అంటారు. ఇది తిరుగుబాటు కరపత్రం కాదు, ప్రధాన గాయకుడి పేరు పైన రాసి ఇచ్చిన ఆరాధన పాట. 88 అయితే చీకటి దగ్గరే ఆగిపోతుంది. చివర్లో ఓదార్పు కూడా లేదు, ఎవరూ దానికి ఒక సంతోష వచనం అతికించలేదు. చోటు లేకుండా పోయింది ఇప్పటి స్తుతి ఆరాధనలో. ఆ పుస్తకంలో కాదు.

రూతమ్మ_మనవరాలు
ఎజ్రా 3 కూడా చదువు తమ్ముడూ. చెర నుంచి వచ్చి దేవాలయానికి పునాది వేసిన రోజు. పాత గుడిని కళ్లారా చూసిన ముసలివాళ్లు గొల్లున ఏడ్చారు, కుర్రవాళ్లు ఆనందంతో కేకలు పెట్టారు. ఏది ఏడుపో ఏది కేకో జనం తేల్చుకోలేకపోయారని రాశాడు. ఏడ్చేవాళ్లని ఎవరూ బయటికి పంపలేదు, నోరు మూసుకోమనలేదు. రెండూ కలిసే చాలా దూరం వినిపించాయి.

నాస్తిక_నాని
గోదారి అన్నా, నాన్నగారి విషయం బాధాకరం. నా వాదనలు పక్కన పెట్టు. నేను కూడా అమ్మ పోయినప్పుడు జనంలోనే ఉండాలనుకున్నాను, దేవుడితో పని లేకుండానే.

పాతనిబంధన_పిచ్చి
115లో "మృతులును మౌనస్థితిలోనికి దిగిపోవువారును యెహోవాను స్తుతింపరు" అంటాడు. 6, 30, 88లో కూడా అదే బేరం: నేను చచ్చిపోతే నిన్నెవరు స్తుతిస్తారు? వాళ్ల లెక్కలో నోరు తెరిచి గొంతు కలపడమే బతికున్న గుర్తు, అది ఏడుపు గొంతైనా సరే. 42 రాసినవాడు కూడా గుడికి దూరంగా ఉన్నవాడే. వాడికి గుర్తొచ్చేది గుడి గోడలు కావు, పండుగ గుంపుతో కలిసి నడిచి వెళ్లడం. రాత్రింబగళ్లు కన్నీళ్లే ఆహారమయ్యాయి అన్నది కూడా వాడే.

గోదారి_గట్టు
ఇవాళ 42, 44, 88 వరసగా చదివాను. అమ్మకి 44 పంపితే "ఇదేంటి ఇలా ఉంది, బైబిల్లోదేనా" అని అడిగింది. పుస్తకం తీసి చూసుకుని, కాసేపాగి ఫోన్ చేసింది. నాన్న గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. సంఘం సంగతి ఇంకా తేల్చుకోలేదు.

టెనర్_టోనీ
అన్నా, మా క్వైర్‌లో విలాప కీర్తన ఒకటి పెడదామని అడిగాను. 44 పెద్దది, పైగా పల్లవి లేదు, జనం అందుకోలేరు. పల్లవి ఉన్న విలాపం ఏదైనా ఉందా సీను గారూ?

సెమినరీ_సీను
80. దేశం పాడైపోయినప్పుడు గుంపంతా ఏడ్చే పాట. మొదటి పల్లవి 3వ వచనం, చెరలోంచి మమ్మల్ని రప్పించు, నీ ముఖకాంతి ప్రకాశింపజేయి అని. మళ్లీ 7లో, చివర 19లో వస్తుంది. వచ్చిన ప్రతిసారీ పిలుపు పొడుగవుతుంది గమనించు: ముందు "దేవా", తర్వాత "సైన్యముల కధిపతివగు దేవా", ఆఖర్న యెహోవా అని పేరు కూడా చేరుతుంది. రాగం కూడా అలాగే పెంచుకుంటూ పో.

టెనర్_టోనీ
మూడుసార్లూ ఒకే బాణీ కట్టబోయాను. ఇప్పుడు మళ్లీ కూర్చోవాలి.

లెక్కల_మాస్టారు
14వ వచనం దగ్గర జాగ్రత్త. "సైన్యముల కధిపతివగు దేవా" అనే మొదలవుతుంది గానీ అది పల్లవి కాదు, "ఆకాశములోనుండి మరల చూడుము" అని వేరే దారి పడుతుంది. అక్కడ చెయ్యి ఎత్తి ఆపకపోతే జనం పల్లవి అనుకుని అందుకుంటారు.